పురుగు చావలేదని మనిషిని వెలేస్తే

ఎల్లారెడ్డి,
ఆగస్టు మొదటి వారం

ప్రభువునందు ప్రియమైన చెల్లె అనిలకు, అన్న స్వామిదాసు వందనాలు.

నువ్వు నా ఫోన్ మధ్యలోనే కట్ చేశావు. మంచిదే. అపొస్తలులు ఫోన్లు చేయలేదు, పత్రికలే రాశారు. పత్రికను మధ్యలో కట్ చేయడం ఎవరివల్లా కాదు. చివరిదాకా చదువు.

మన మందిరం వెనక సంఘమంతా కలిసి చేసే చేను నీకు తెలుసు కదా. ఈసారి సగం పత్తి, సగం సోయా వేశాం. దిక్కులేని విధవరాండ్రకు ఏడాది పొడుగునా బియ్యం, బట్టలు అందులోంచే రావాలి. ఆ చేనులో లద్దె పురుగు పడింది. మంచి మందే తెప్పించాం. సీసా సీలు నేనే విప్పాను. మన సంఘపు మల్లేష్ పంపు భుజాన వేసుకుని ఒకే పొద్దున రెండు పక్కలా కొట్టాడు. తర్వాత పోయి చూస్తే సోయాలో పురుగు ఎక్కడిదక్కడ ముడుచుకుని రాలిపోయి ఉంది. పత్తిలో? పత్తిలో పురుగు నన్ను చూసి తల కూడా తిప్పలేదు. తింటూనే ఉంది!

ఒకే సీసా, ఒకే మనిషి, ఒకే పొద్దు. ఒక పక్క చావు, ఒక పక్క విందు. దీనికి రెండో అర్థం ఉందా? సోయాకు మందు కొట్టాడు, పత్తికి నీళ్లు కొట్టాడు, మిగిలింది అమ్ముకున్నాడు. దేవుని చేనులో దొంగతనం, అనిలా! యెహోషువ కాలంలో ఆకాను దేవుని సొత్తును దోచి డేరాలో పాతిపెట్టినట్టు!

ఊరికే నింద వేసే మనిషిని కాను నేను. పాస్టర్ చదువు చదవలేదు, నిజమే. మోటార్లకు వైండింగ్ చేస్తూ, చేతులకు మసి ఉండగానే వాక్యం నేర్చుకున్నవాణ్ని. కానీ నేర్చుకున్నది గట్టిగా నేర్చుకున్నాను. ఆ రోజు మందు ముట్టినవాళ్లు ముగ్గురు: సీసా తెచ్చిన జాన్, నీళ్లు మోసిన భూపాల్, కొట్టిన మల్లేష్. ఆకానును చీటీలు వేసి పట్టుకున్న పద్ధతే నేనూ పట్టాను. ఉపవాసం ఉండి, ముగ్గురి పేర్లు చీటీల మీద రాసి, మడిచి, సంఘం ముందు పళ్లెంలో వేశాను. తీయడానికి ఎవరిని పిలిచానో తెలుసా? గౌరవ్వను, మల్లేష్ కన్నతల్లిని. ఆమెకు చదువు రాదు, చూపు ఆనదు. పక్షపాతం అనే మాటకే చోటు లేకుండా చేశాను. ఆమె చేత్తోనే ఆమె కొడుకు పేరు వచ్చింది.

"నేను నీళ్లు కలపలే అయ్యా, మీ కాళ్లు మొక్కుత. పత్తికే ఇంకింత ఎక్కువ కొట్టిన" అని ఏడ్చాడు. ఆకాను కూడా ముందు ఒప్పుకోలేదు. ఒప్పుకునేదాకా ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి రావద్దని, అందరితో కలిసి రొట్టె ముట్టవద్దని, గుమ్మం దగ్గర కూర్చోమని చెప్పాను.

సంఘంలో కొందరు గొణుగుతున్నారు. నువ్వు వ్యవసాయ శాఖలో పనిచేస్తావు, రైతులకు నీ మాట మీద గురి ఉంది. "మందు మంచిదే, తప్పు కొట్టినవాడిది" అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టి పంపు. నోళ్లు మూతపడతాయి.

సత్యం దగ్గర సొంతవాళ్లనూ ఎరగని నీ అన్న,
స్వామిదాసు


కామారెడ్డి,
ఆగస్టు రెండో వారం

ప్రియమైన అన్నా,

చివరిదాకా చదివాను. సంతకం పెట్టను.

నా మీద అరిచే ముందు ఒక పని చెయ్యి. చేనుకు పోయి పత్తి ఆకు ఒకటి తెంపి ఎండకు అడ్డంగా పట్టుకుని చూడు. సూది మొనతో గుచ్చినట్టు నల్ల చుక్కలు కనిపిస్తాయి. తర్వాత సోయా ఆకు చూడు. అందులో ఆ చుక్కలు ఉండవు.

ఆ చుక్కల్లో ఉన్నది విషం. గాసిపాల్ అంటారు. పత్తి మొక్క తనను తినేవాటి కోసం తయారు చేసి పెట్టుకున్నది. మొక్కకు కాళ్లు లేవు, పారిపోలేదు. అందుకే ఒక్కో మొక్క ఒక్కో రకం మందు దాచుకుంటుంది. లద్దె పురుగు ఆ ఆకు తిన్నప్పుడు కొద్దికొద్దిగా ఆ విషం కూడా మింగుతుంది. చావదు. దాని పేగుల్లో విషాన్ని విరిచే ఎంజైములు ఉంటాయి. రోజూ విషం లోపలికి వస్తుంటే పురుగు వాటిని మరింత ఎక్కువగా తయారు చేసుకుంటుంది. అన్నా, ఆ ఎంజైములు వచ్చిన విషాన్ని "నిన్ను పంపింది మొక్కా, మందుల దుకాణమా" అని అడగవు. గాసిపాల్‌ను విరిచినట్టే మన మందునూ విరిచేస్తాయి.

మన పెద్దబాపు ఆపరేషన్ గుర్తుందా? మత్తు సూది ఇచ్చే డాక్టర్ ముందుగా అడిగిన మాట "రోజూ తాగుతవా తాతా?" అనే కదా. ఎందుకు? రోజూ తాగే ఒంటికి మత్తు అంత తొందరగా ఎక్కదు. ఇదీ దాదాపు అలాంటిదే.

అన్ని మొక్కలూ పురుగును ఇలా గట్టిపరుస్తాయని కాదు. నువ్వుల్లో ఉండే ఒక పదార్థం దీనికి ఉల్టా, ఆ ఎంజైముల చేతులు కట్టేస్తుంది. ఏ మొక్క ఏం చేస్తుందో చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి మీ చేనులో జరిగింది ఇదేనని ఇప్పుడే ఒట్టు పెట్టను. చూసి చెప్తాను. పత్తి ఆకుల అడుగున గోధుమ రంగు నూగుతో కప్పిన గుడ్ల ముద్దలు ఉంటాయి. ఆకుతో సహా ఒకటి తెంపి, సీసాలో మిగిలిన మందుతో పాటు బస్సులో పంపు. మందూ గుడ్లూ వేరువేరు డబ్బాల్లో పెట్టు, మళ్లీ చెప్పలేదంటావు!

నేను తేల్చేదాకా మల్లేష్‌ను బల్ల దగ్గరికి రానివ్వు. నిందితుడికి కూడా ఆకలేస్తుంది.

కోపంగానే ఉన్నా నీ చెల్లెనే,
అనిల


ఎల్లారెడ్డి,
అదే వారం

ప్రభువునందు ప్రియమైన చెల్లెకు,

పురుగు పేగుల్లో కార్ఖానా ఉందా? మందు విరిచే మేస్త్రీలు అందులో షిఫ్టుల్లో పనిచేస్తున్నారా? నిన్ను కాలేజీకి పంపింది నేను. ఇది చెప్పించుకోవడానికేనా!

ఆకు చూశాను. చుక్కలు ఉన్నాయి. దేవుడు పెట్టాడు కాబట్టి ఉన్నాయి. దానికీ మల్లేష్ దొంగతనానికీ ఏం సంబంధం? యోనా మీద నీడగా మొలిచిన తీగను తినడానికి దేవుడు పురుగును నియమించాడు. ఒక్క పురుగు, ఒక్క తెల్లవారుజాము, తీగ వాడిపోయింది. ఆ పురుగు ఎంజైముల గురించి ఎవరూ రాయలేదు. దేవుడు పంపితే వచ్చింది, అంతే.

పెద్దబాపు తాగుడు మాట మళ్లీ ఎత్తకు. ఆయన చివరి రోజుల్లో మారుమనసు పొందాడు.

ఊళ్లో నా పరువు తీస్తున్నారు. టీ కొట్టు దగ్గర భూపాల్ అందరి ముందూ ఏమన్నాడో విను: "అయ్యా, ఈపాలి పురుగులకు గూడ చీటీలెయ్యుండ్రి. ఏది సావాల్నో అదే సస్తది." అందరూ నవ్వారు. వాడి పేరు రాలేదని వాడికి నోరు లేచింది!

మల్లేష్ బల్ల దగ్గరికి రాడు. ఇంకో మాట కూడా విను. పోయిన ఆదివారం గౌరవ్వ కూడా రొట్టె ముట్టలేదు. ఆమెకు ఆయాసం ఎక్కువైంది, రాత్రిళ్లు కూర్చునే ఉంటుందట. ఈ స్థితిలో ఆ తల్లి పళ్లెం వెనక్కి నెట్టింది. కొడుకు మీద ప్రేమ దేవుని మీద ప్రేమను మించితే ఇంతే. దేవుడు అడిగితే కన్నకొడుకునే బలివ్వబోయిన అబ్రాహాము కథ ఆమెకు ఎన్నిసార్లు చెప్పానో!

గుడ్లూ, మిగిలిన మందూ పంపిస్తున్నాను. భయపడి కాదు. నీ నోరు కూడా మూతపడాలని.

వెనక్కి తగ్గని అన్న,
స్వామిదాసు


కామారెడ్డి,
ఆగస్టు మూడో వారం

ప్రియమైన అన్నా,

డబ్బాలు అందాయి. గుడ్ల డబ్బాను కండక్టర్ ఆకుకూర అనుకుని "నీళ్లు జల్లమంటవా చెల్లె?" అని అడిగాడు. గుడ్లు పగిలి పిల్ల పురుగులు బయటికొచ్చాయి. పిల్లలను రెండు వాటాలు చేసి సగాన్ని పత్తి ఆకు మీద, సగాన్ని సోయా ఆకు మీద పెంచుతున్నాను. అన్నీ ఒకే తల్లి పిల్లలే. ఏశావు, యాకోబుల్లా ఒకే కడుపు పంట, వేరే కూడు. అవి కాస్త పెరిగేదాకా ఆగాలి.

ఈలోపు నాకు ఒక్క మాటకు జవాబు చెప్పు. నువ్వు మూడు పేర్లు రాశావు. ఎవరి పేరూ లేని చీటీ ఒకటి వేశావా? వెయ్యకపోతే, "వీళ్లలో దొంగ ఎవడూ లేడు" అని దేవుడు చెప్పదలుచుకున్నా ఏ చీటీతో చెప్పాలి? ఆయన నోటికి తాళం వేసి, ఆయనే మాట్లాడాడంటున్నావు.

నేను రాసేదాకా ఏమీ చెయ్యకు. నీకు దండం పెడతాను.

అనిల


ఎల్లారెడ్డి,
సెప్టెంబర్ మొదటి ఆదివారం

ప్రభువునందు మిక్కిలి ప్రియమైన చెల్లె అనిలకు, జయధ్వనితో రాస్తున్నాను!

పురుగులకు ఆకులు వేయడం మానెయ్యి. మల్లేష్ ఒప్పుకున్నాడు.

ఈ పొద్దున సంఘమంతా కూడి ఉండగా గుమ్మం దగ్గర నుంచి లేచి ముందుకు వచ్చి మోకాళ్లు వేశాడు. "నేనే కలిపిన అయ్యా. పత్తికి నీళ్లు కొట్టిన" అన్నాడు. ఎంత మందు దాచావని అడిగాను. తల వంచుకున్నాడు. ఎవరికి అమ్మావని అడిగాను. "మీరెవరంటె వాళ్లకే అయ్యా" అన్నాడు. సిగ్గుతో నోట మాట రావడం లేదు పాపం! నేను లేపి కౌగిలించుకున్నాను. మందిరం హల్లెలూయలతో దద్దరిల్లింది. భూపాల్ మూతి చూడాల్సింది.

వెంటనే గౌరవ్వ పక్కన కూర్చోబెట్టి రొట్టె అందించాను. ఆ తల్లి పట్టుకోలేకపోయింది. మల్లేషే విరిచి ఆమె నోట్లో పెట్టాడు. ఆమె కళ్లు ధారలు కట్టాయి. తప్పిపోయిన కొడుకు ఇల్లు చేరిన ఆనందం అది. అందరం ఏడ్చాం.

ఖాళీ చీటీ గురించి అడిగావు. ఆ ప్రశ్న కొన్ని రాత్రులు నన్ను నిద్రపోనివ్వలేదని దాచను. ఇప్పుడు దానితో పనిలేదు. మనిషే ఒప్పుకున్నాక చీటీ ఎందుకు, పురుగు ఎందుకు? నీ చదువు మీద నాకు కోపం లేదు. అది పురుగుల దాకా చూడగలదు, మనిషి లోపలికి చూడలేదు.

సంతోషంతో పొంగుతున్న నీ అన్న,
స్వామిదాసు


కామారెడ్డి,
సెప్టెంబర్ రెండో వారం

అన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సంతోషంతో కాదు.

పురుగుల సంగతి ముందు విను. నువ్వు పంపిన సీసాలోని మందే వాడాను. మందు కొలిచింది నేను, నీళ్లు కొలిచింది నేను. మందులో ముంచింది పత్తి, సోయా ఆకులను కాదు, రెండు వాటాలకూ మందులో ముంచిన ఆముదం ఆకే పెట్టాను. సోయా తిని పెరిగినవి తెల్లారేసరికి చాలావరకు పడిపోయాయి. పత్తి తిని పెరిగిన వాటి తోబుట్టువులు చాలావరకు మందు పూసిన ఆకు తిని, గిన్నె గోడ ఎక్కి, మూతకు కట్టిన గుడ్డ మీద తిరుగుతున్నాయి. పత్తి వాటాలో కొన్నింటికి ముందే పత్తి మాన్పించి కొన్ని రోజులు సోయా ఆకు పెట్టి చూశాను. అవి మళ్లీ మెత్తబడ్డాయి, మందుకు పడిపోయాయి. రక్తం ఒకటే, మందు ఒకటే, తిన్న ఆకే వేరు. తోటి వాళ్లకూ చూపించాను. మళ్లీ చేశాను. మళ్లీ అంతే.

ఇప్పుడు చెప్పు. నా గిన్నెలో మందు దొంగిలించింది ఎవరు? మల్లేష్ తాడ్వాయి మీదుగా వచ్చి నా వరండాలో నీళ్లు కలిపిపోయాడా? లేకపోతే నన్ను కూడా గుమ్మం దగ్గర కూర్చోబెడతావా?

మల్లేష్ పత్తికి మందే కొట్టాడు. ఎక్కువే కొట్టాడు, ఆ రోజే నీకు చెప్పాడు కూడా. చెయ్యని పని ఒప్పుకున్నాడు. "మీరెవరంటె వాళ్లకే" అన్న మాట నీ చేత్తోనే రాసి పంపావు. రాస్తున్నప్పుడు నీ చెవికి అది ఎలా వినిపించిందన్నా? దొంగ అలా మాట్లాడతాడా? అలసిపోయినవాడు మాట్లాడతాడు అలా. ఎంత మందు అంటే లెక్క లేదు, ఎవరికి అంటే పేరు లేదు. నువ్వేమో కౌగిలించుకున్నావు!

ప్రభువు బల్లను నువ్వు ఠాణా చేశావు. రొట్టె చూపించి వాంగ్మూలం తీసుకున్నావు. లోకంలో అన్యాయం మీద మందిరం కప్పు ఎగిరిపోయేలా అరుస్తావే, ఇది ఏమిటి? అమ్మ పోయాక నా జడ వేసి బడికి పంపిన అన్నవు నువ్వు. ఆ అన్న చేత ఇది జరిగిందని నేను ఎవరితో చెప్పుకోవాలి?

నాకు జవాబు రాయకు. ముందు మల్లేష్ ఇంటికి పో.

అనిల

మరో సంగతి. పత్తికి అదే మందు ఇంకా ఎక్కువ పోసి కొట్టకండి. గుడ్ల ముద్దలున్న ఆకులు చేత్తో తెంపి నాశనం చెయ్యండి. వేరే తరహా మందు అవసరమా అన్నది నేను వచ్చి చేను చూసి చెప్తాను.


ఎల్లారెడ్డి,
సెప్టెంబర్ చివర

ప్రియమైన చెల్లె అనిలకు,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. మోటార్ విప్పితే తీగ ఎటు చుట్టానో మరిచిపోయాను. నీ మీద మండిపడ్డాను. పురుగుల మీద మండిపడ్డాను. వాక్యంలో నాకు అనుకూలంగా ఒక్క చోటైనా ఉంటుందని వెతికాను. తెరిచిన ప్రతి చోటా తీర్పు తీర్చినవాడి మీదే తీర్పు ఉంది. మూడో రోజు మల్లేష్ ఇంటికి పోయాను.

పొయ్యి దగ్గర జొన్న జావ కాస్తున్నాడు. గౌరవ్వ గోడకు ఆనుకుని ఎగపోస్తోంది. నన్ను చూసి అతను లేవలేదు. లేవకపోతే నాకు కోపం రావాలి. రాలేదు.

"మల్లేష్, నువ్వు నీళ్లు కలపలేదు" అన్నాను.

"ఎన్నడో చెప్పిన గదయ్యా" అన్నాడు.

"మరి కలిపానని ఎందుకన్నావు?"

గరిటె తిప్పుతూనే చెప్పాడు. "ఏం జెయ్యాలె మరి? అవ్వ ఆ చెయ్యి చూసుకుంట ఏడుస్తది. ఈ చెయ్యే నా కొడుకు పేరు తీసింది, ఈ చెయ్యితోని దేవుని రొట్టె ఎట్ల ముట్టాలె అంటది. దమ్ము గిట్ల ఎగవడుతుంటే ఎన్ని ఆదివారాలు బతుకుతదో ఎవరికెర్క? ఒప్పుకుంటె అయిపోతది గదా అన్కున్న. నా ఇజ్జత్ పోతె పోయింది, అవ్వ ఊకుంటది అన్కున్న."

గౌరవ్వ కళ్లు తెరవకుండానే అంది: "వీడు ఒప్పుకున్నప్పుడే నాకు ఎర్కైంది అయ్యా, అబద్ధమాడుతుండని. కన్నదాన్ని గద. మీకెందుకు ఎర్కగాలే?"

అనిలా, ఇన్నేళ్లుగా నిలబడి వాక్యం చెప్పాను. ఎవడు ఏ ప్రశ్న అడిగినా వచనంతో కొట్టాను. ఆ ముసలామె అడిగినదానికి నా దగ్గర వచనం లేదు. ఆమె కన్నీళ్లను ఆనందం అని నీకు రాసింది నేను! మేమందరం హల్లెలూయ అన్నది ఒక నిర్దోషి నోట అబద్ధం పలికించినందుకు! ఆ మందిరంలో ఇంతమందిమి ఉన్నాం కదా, ఒక్కడు, ఒక్కడైనా లేచి "ఇదేం పద్ధతి" అనలేదే! చీటీలు వేసినప్పుడూ అనలేదు, మోకాళ్లు వేసినప్పుడూ అనలేదు. బయట టీ కొట్టు దగ్గర నవ్విన భూపాల్ కూడా లోపల నోరు మెదపలేదు. నేను అంత భయపెట్టానా వాళ్లను? భయపెట్టాను. అరవడానికి నాకు ఒక గొంతు ఉందని, మిగతా గొంతులన్నీ ఆమెన్ అనడానికే పుట్టాయని అనుకున్నాను.

బుధవారం ప్రార్థన కూటంలో సంగతంతా చెప్పాను. నువ్వు చేసిన పని చెప్పాను, పత్తి ఆకు దీపానికి అడ్డం పట్టి చుక్కలు చూపించాను, చీటీలు వేయడం తప్పని చెప్పాను. మల్లేష్ దొంగ కాదని అతని పేరు పెట్టి, అతని ముందే చెప్పాను. ఈసారి ఎవరూ హల్లెలూయ అనలేదు. జాన్ మెల్లగా లేచి మల్లేష్ పక్కకు పోయి కూర్చున్నాడు. ఒక్కొక్కరే ఆ పక్కకు జరిగారు. నా పక్కన చాప ఖాళీ అయింది.

కూటం అయిపోయాక మల్లేష్ నన్ను ఆపాడు.

"అయ్యా, ఒక్కటి అడుగుత. మందుల నీళ్లు కలపలే. గనీ అబద్ధమైతె ఆడిన. దేవుని బల్ల ముంగట, మోకాళ్ల మీద ఆడిన. మన సంఘంల అబద్ధమాడితె కొన్ని వారాలు బల్ల బంద్ అని మీరే పెట్టిన్రు. నాకు ఎన్ని వారాలు?"

వెటకారం కాదది. నిజంగానే అడుగుతున్నాడు. ఆ నియమం పెట్టింది నేనే, ఎందరినో దాని కింద కూర్చోబెట్టింది నేనే.

"ఆ అబద్ధం నీది కాదు మల్లేష్, నాది" అన్నాను.



"అట్లయితె వారాలు గూడ మీవే" అన్నాడు. నవ్వలేదు. తల్లి చెయ్యి పట్టుకుని లేపి, నడిపించుకుంటూ పోయాడు.

మొన్న ఆదివారం రొట్టె విరిచింది జాన్. మల్లేష్ తీసుకున్నాడు. గౌరవ్వ తన చేత్తోనే తీసుకుంది. పళ్లెం నా దాకా రాలేదు. నేను రావాలని అడగనూ లేదు. ఎన్ని వారాలో మల్లేష్ ఇంకా చెప్పలేదు.

గుమ్మం దగ్గరి నుంచి, నీ అన్న,
స్వామిదాసు